బోనం కింద జ్వరం

ఐదో రోజు

...అందుకని ఇప్పుడు జ్వరం, నాడి చూసే ఆఫీసు కడియాలు రెండూ నా చేతులకే ఉన్నాయి. ఎడమ చేతికి నాది, కుడి చేతికి వదినది. యూనిఫాం చేతులు పొడుగు కాబట్టి కనపడవు. నిన్న ఇక్కడిదాకా రాసేసరికి అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. కాగితాలు చాప కిందికి తోసేశాను.

ఎలా మార్చామో రాయలేదు కదా. మా స్కూల్లో ప్రతి పిల్లకూ తెలిసిన పనే, పీటీ ఎగ్గొట్టడానికి చేస్తారు. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఇద్దరూ వేళ్ళు కలిపి పెట్టుకుని, కడియాన్ని ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి జార్చాలి. మధ్యలో ఒక్క సెకను చర్మం తగలకపోయినా అరుస్తుంది. నిన్న మధ్యాహ్నం వదిన కడియం తొంభై తొమ్మిదిన్నర చూపించింది. నూట ఒకటి దగ్గర అది అరిస్తే గనిలో మా లెవెల్ మొత్తానికి వినపడుతుంది. అందుకే ఆగకుండా మార్చేశాను. వదిన వేళ్ళు వేడిగా ఉన్నాయి. "కొమ్రీ, తప్పు కాదానే?" అంది. "తప్పే" అన్నాను.

ట్యాబ్‌లో రాస్తే సాయంత్రానికి ఆఫీసు చదువుతుంది. కాగితం మాత్రం ఎవరూ చదవరు. అమ్మ పనిచేసే లాంప్ రూమ్‌లో పాత హాజరు ఫారాలు కట్టలు కట్టలు పడి ఉన్నాయి, వాటి వెనక వైపు రాస్తున్నాను. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నా తెలుగు రాత దొరికినా ఎవరికీ అర్థం కాదు. అదొక్కటే ధైర్యం.

ప్రొసీజర్ అయి ఐదు రోజులు. నాలుగో నెల చివర్లో వదిన కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది. దానంతట అది బయటికి రాలేదు. డిస్పెన్సరీలో మిషన్ గదిలోకి పంపారు. పన్నెండు నిమిషాలు. స్క్రీన్ మీద పచ్చ అక్షరాల్లో, ప్రొసీజర్ కంప్లీట్. "ఏమంటున్నదే?" అని అమ్మ అడిగింది. "మొత్తం అయిపోయిందట" అన్నాను. మా ఇంట్లో ఇంగ్లిష్ చదివేది నేనొక్కదాన్నే.

మొత్తం అవ్వలేదు. మూడో రోజుకల్లా రక్తం తగ్గాలి. ఈ రోజు పొద్దున్నుంచి అమ్మకు తెలియకుండా ఏడు బట్టలు మార్చాం. ఒకదాంట్లో నిమ్మకాయంత గడ్డ. పొత్తికడుపు మీద దుప్పటి అంచు తగిలినా వదిన పళ్ళు కొరుకుతోంది. ఇంకా వాసన. పుట్టగొడుగుల బెడ్డు కుళ్ళితే వచ్చే వాసన. వదిన పనిచేసేది ఆ బెడ్ల దగ్గరే కాబట్టి ఆమెకే ముందు తెలిసింది. "బెడ్డు ఖరాబైందే" అని నవ్వబోయింది.

స్కూల్ ల్యాబ్ నుంచి గాజు థర్మామీటర్ ఎత్తుకొచ్చాను. అందులో సెల్సియస్ మాత్రమే ఉంటుంది. ముప్పై ఎనిమిదిన్నర. తొమ్మిదితో గుణించి, ఐదుతో భాగించి, ముప్పై రెండు కలిపితే, నూట ఒకటి పాయింట్ మూడు.

ఆరో రోజు

ఈ రోజు సిస్టర్ ఫిలోమినా చెకింగ్‌కు వచ్చింది. మా నాలుగు లెవెళ్ళకూ ఆమె ఒక్కతే నర్సు. రీడింగ్ బాగున్నవాళ్ళను ముట్టుకోకూడదని రూలు. తలుపు దగ్గరే నిలబడింది. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది, మెడదాకా దుప్పటి.

"ఎట్లున్నవ్ స్వరూపా?"

"మంచిగున్న సిస్టర్."

"రక్తం?"

"తగ్గింది."

సిస్టర్ చేతిలో ట్యాబ్ చూసుకుని నవ్వింది. "నీ నాడి చూస్తే పదహారేండ్ల పిల్ల లెక్క కొట్టుకుంటున్నది. ఏం తింటున్నవే, మాక్కూడ చెప్పు."

వదిన కూడా నవ్వింది. చలికి పళ్ళు టకటకలాడకుండా నవ్వాలంటే దవడ ఎంత బిగపట్టాలో పక్కన కూర్చుంటే తెలిసింది. నేను కుడి చేయి వెనక్కి పెట్టుకున్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. ఒక్క వాక్యం. సిస్టర్ నా వైపు చూసి, "నువ్వేందే గంత తెల్లబోయినవ్? పరీక్షలా?" అంది. అవునన్నాను.

ఫైలు మూసేసి వెళ్ళిపోయింది. వదిన పక్కకు ఒరిగి చాప మీదే వాంతి చేసుకుంది.

నోరు ఎందుకు తెరవలేదో కూడా రాయాలి. కడియం నూట ఒకటి చూపిస్తే లెవెల్ చివర గోడ కడతారు. గనిలో మంట రాజుకుంటే ఆ దారికి గోడ కట్టి గాలి ఆపేసేవాళ్ళట, మా తాతల కాలంలో. పైన ఎండకు బతకలేక జనం ఈ పాత గనుల్లోకి దిగాక మంటల బదులు జ్వరాలు వచ్చాయి. పద్ధతి మాత్రం మారలేదు. ఇరవై ఒక్క రోజులు లోపలివాళ్ళు లోపలే. డాక్టర్ రాడు. నర్సు రాదు. గాలి గొట్టం ఒకటి, నీళ్ళ గొట్టం ఒకటి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఏడో లెవెల్‌కు కట్టారు. నా బెంచీ మీద కూర్చునే రజిత అందులో ఉంది. మూడో రోజు నీళ్ళ గొట్టం పూడుకుపోయింది, బయట ఎవరికీ తెలియలేదు. మొదట జ్వరం వచ్చిన ముసలాయనకు పిప్పిపన్ను అట. పన్ను పీకితే పోయే జ్వరం.

ఏడో రోజు

స్కూల్లో నాలుగు వందల మీటర్లు పరిగెత్తించారు. నేను మూడో స్థానం. వదిన కూడా మూడో స్థానమే.

ఇంటికొచ్చేసరికి గోడ స్క్రీన్ మీద వదిన పేరుతో ఆర్డర్ వచ్చి ఉంది. రికవరీ పూర్తి. సోమవారం నుంచి మొదటి షిఫ్ట్, పుట్టగొడుగుల బెడ్లు. నా కాళ్ళే ఆమెకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చాయి.

అమ్మ సంతోషపడింది. వదిన తల నిమురుతూ "మంచిగైనవ్ బిడ్డా" అంది. ఆ చేయి అక్కడే ఆగిపోయింది. నుదురు చూసింది, మెడ చూసింది, దుప్పటి లాగేసి కింద బట్ట చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను అడక్కుండానే కుడి చేయి పైకి లాగి చూపించాను.

చెంప మీద ఒకటి కొట్టింది. అదే చేత్తో వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"ఎన్ని దినాల సంది?"

"మూడు రోజుల నుంచి."

"నీ యింగిలీసు సదువు తగలెయ్య. ఇచ్చెయ్యి. దానిది దానికి పెట్టు."

"పెడితే గోడ కడ్తరమ్మా. ఇరవై ఒక్క రోజులు వదిన ఆగుతదా?"

అమ్మ కూర్చుండిపోయింది. వదిన కళ్ళు మూసుకునే ఉంది, అయినా వింటోంది. "అత్తా, ఈయనకు మాత్రం ఫోన్ చెయ్యకుండ్రి. పైన పలకలు తుడుస్తా తుడుస్తా ఆగమైతడు" అంది. మా అన్న ఓదెలుకు పైన డ్యూటీ. సోలార్ పలకలు తుడిచే గ్యాంగు, తెల్లవారుజాము రెండు గంటల పని, మిగతా పొద్దంతా చల్లటి డబ్బా గదిలో పడుకోవడం. ఇంకా రెండు వారాలకు గాని కిందికి దింపరు.

అమ్మ వదిన మీద దుప్పటి మళ్ళీ కప్పింది. "ఏడో లెవెలోళ్ళ లాంపులు నలభై మూడు ఇంక నా రూముల్నే ఉన్నయే. అడుగుతందుకు ఎవ్వరు రాలే. నేనే తుడుస్తున్న."

గోడ గురించి మళ్ళీ మాట్లాడలేదు.

ఎనిమిదో రోజు

స్కూల్ వదిలాక డిస్పెన్సరీకి వెళ్ళాను. సిస్టర్ ఒక్కతే ఉంది, గిన్నెలు కడుగుతోంది. చెప్పాను. ఆమె నల్లా ఇంకొంచెం ఎక్కువ తిప్పింది, నీళ్ళ చప్పుడు పెరిగింది.

"నా కండ్ల ముందర కూసొని నవ్విన మనిషికి జ్వరమా?"

"కడియం నా చేతికుంది సిస్టర్."

"చూపియ్యి."

చూపించాను. ఆమె గిన్నె కింద పెట్టింది. "ఇప్పుడు ఎంతున్నది?"

"పొద్దున నూట రెండున్నర."

"మొన్న నేనొచ్చినప్పుడు?"

"నూట ఒకటిన్నర."

"మొన్న నా చెవుల ఊదినా అయిపోయేది గదనే. ఫైలు తెరిచుండే. ఏదో ఒకటి రాసి తోల్కొచ్చుకునేదాన్ని. మూసినంక ఆ మనిషి నా పేషెంటు కాదు, మీ లెవెల్‌కు నాకు దారి లేదు." కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. "లోపల ముక్క మిగిలింది. అది కుళ్ళుతున్నది. గోలీలు ఒక్కటే సాలవు, తియ్యాలె. ఇంకో రెండు మూడు దినాలైతే తీసినా లాభం లేదు."

"బాలింతలకు జ్వరమొస్తే గోడ కట్టరు గదా సిస్టర్? వదినను కూడ బాలింత అని రాయుండ్రి."

"బిడ్డ పుడితె బాలింత. పదకొండు దినాలు ఎంత జ్వరమొచ్చినా ఎవ్వడు అడగడు. బిడ్డ పోతె ఏమంటరో ఆ మిషన్‌ల పేరే లేదు. మూడు దినాలు సెలవు, అంతే." నల్లా కట్టేసింది. "ఇక్కడిదాకా తెండ్రి. నా చేత్తో తీస్త. పాత సిరంజి ఉన్నది, మిషన్‌కు తెల్వది. తెచ్చుడు మీ పని."

తెచ్చుడు. మా ఇంటి నుంచి డిస్పెన్సరీకి మధ్యలో నాలుగు రోడ్ల జంక్షన్. అక్కడ పైకప్పుకు కన్ను ఉంటుంది. కింద నడిచే ప్రతి మనిషి నుదురు వేడినీ చూస్తుంది. కడియాన్ని మోసం చేసినట్టు దాన్ని చేయలేం. దాన్ని ఇంతవరకు ఎవరూ ఏమార్చలేదు.

తొమ్మిదో రోజు

నలభై. గుణించక్కర్లేదు, నూట నాలుగు అని నోటికి వచ్చేసింది. వదిన నన్ను ఎవరో అనుకుని "బెడ్లకు నీళ్ళు కొట్టిన్రా?" అని అడుగుతోంది. పెదాలు పగిలాయి. గంటకు రెండు బట్టలు.

రేపు బోనాలు. ఏడాది మొత్తంలో కింద మంట వెలిగించడానికి పర్మిషన్ ఉన్న ఒక్క రోజు. పెద్ద ఫ్యాన్ రెండింతల స్పీడులో తిప్పుతారు. ఆడవాళ్ళు బోనం కుండ నెత్తిన పెట్టుకుని, దాని మీద దీపం బదులు గనివాళ్ళ సేఫ్టీ లాంప్ వెలిగించుకుని, ఫ్యాన్ షాఫ్ట్ దగ్గర ఉన్న పోచమ్మకు తీసుకెళ్తారు. జ్వరాలు రాకుండా చూసేది పోచమ్మే.

ఆ లాంపులన్నీ లాంప్ రూమ్‌లో వెలిగించేది మా అమ్మ. పొద్దున ఆమె ఒత్తులు సరిచేస్తూ తనలో తాను అన్నట్టు అంది. "నెత్తి మీద మంట ఉంటే కన్ను పని చెయ్యదు. అంత ఎర్రగనే కనపడ్తదట. బోనమెత్తినోళ్ళను ఓవర్‌మెన్ ఆపడు."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"అమ్మా, డిస్పెన్సరీ జంక్షన్ అవతలే గదా."

"నోరు ముయ్యి."

"వదిన నడవగలిగితే..."

"అంటు ఉన్న మనిషి బోనమెత్తుడానే? కడుపు పోయి పది దినాలు గాలే, రక్తం ఆగలే. పోచమ్మకా? తెలిసి చేసుడా?" ఒత్తి విసురుగా తెంపింది. "మా అవ్వ ఉంటే నన్ను చీపురుతోటి కొట్టేది."

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి వదినను చూసింది. చూసి నీళ్ళు కాచింది. పసుపు కలిపి వదినకు ఒళ్ళంతా తుడిచింది, జుట్టు దువ్వింది. కొత్త కుండకు సున్నం పూసింది. మూలకు తిరిగి నిలబడి, ఎవరితోనో గొడవ పడుతున్నట్టు అంది. "కోపమొస్తే నా మీద జూపియ్యి తల్లీ. పిల్ల మీద వద్దు. ఇగో, చెప్పే తెస్తున్న."

పదకొండో రోజు

నిన్న రాయలేకపోయాను. వరసగా రాస్తాను.

బోనం కుండలో అన్నం లేదు, తడి గుడ్డలు ఉన్నాయి, బరువు తగ్గాలని. పైన లాంప్. చుట్టూ వేపాకు. మూడు బట్టలు ఒకదాని మీద ఒకటి కట్టి, ఎర్ర చీర కట్టించాం, తడిసినా తెలియకుండా. ముఖానికి పసుపు దట్టంగా. పసుపు కింద ముఖం ఏ రంగులో ఉందో ఎవరికీ కనపడదు. ముందు అమ్మ, మధ్యలో వదిన, వెనక నేను. ముగ్గురికీ నెత్తిన మంట.

వీధిలోకి రాగానే డప్పులు. ఫ్యాన్ గాలికి వేపాకులు ఎగిరి ముఖాలకు కొడుతున్నాయి. వదిన ఒక్కో అడుగూ నేల ఉందో లేదో చూసుకుని వేస్తోంది. నేను చీర కొంగు వెనక నుంచి పట్టుకున్నాను. "స్వరూపా, మంచిగైనవానే? మొన్ననే గదా..." అని ఎవరో అడిగారు. అమ్మ వెనక్కి తిరగకుండానే, "ఆఫీసోళ్ళే ఫిట్టు అని రాసిన్రు, నీకేం తక్లీబు?" అంది.

జంక్షన్ దాకా వచ్చాం. కన్ను కింద కాపలా ఓవర్‌మెన్ సాయిలు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. స్క్రీన్ మీద అన్నీ ఎర్ర చుక్కలు. ఆయన వాటిని చూడనేలేదు, ఆవలిస్తున్నాడు. అమ్మ దాటింది. వదిన సరిగ్గా కన్ను కిందికి వచ్చి ఆగిపోయింది.

చలి మొదలైంది. ముందు చేతులు, తర్వాత భుజాలు, తర్వాత మొత్తం మనిషి. ఇంట్లో నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు అది. కుండ మీద లాంప్ గలగలమంది. అయిపోయింది అనుకున్నాను. సాయిలు కుర్చీలోంచి లేచాడు.

లేచి చెప్పులు విడిచి, దండం పెట్టాడు.

"అమ్మ వచ్చింది! ఏయ్ డప్పు, ఇటు రాండ్రి! స్వరూప మీదికి అమ్మ వచ్చింది!"

క్షణంలో చుట్టూ జనం. డప్పులు ఆమె చెవి దగ్గరే కొడుతున్నారు. ఎవరో వేపమండలతో భుజాల మీద తట్టారు. మా పక్కింటి కనకమ్మత్త కాళ్ళ మీద పడింది. "తల్లీ, మా కోడలు కడుపు పండుతదా?" ఇంకొకావిడ, "మా లెవెల్ల నల్లా ఎప్పుడు మంచిగొస్తది తల్లీ?" సాయిలు కూడా అడిగాడు, ప్రమోషన్ గురించి. వదిన కళ్ళు పైకి తిరిగాయి. అందరూ అబ్బా అన్నారు.

నాకు నవ్వో ఏడుపో వచ్చింది, ఏదో తెలియలేదు. నుదురు నూట నాలుగు ఉందని తెలిస్తే వీళ్ళే ఇటుకలు మోసుకొస్తారు.

వదిన పెదాలు కదిలాయి. అందరూ డప్పులు ఆపారు.

"దూపైతున్నది" అంది.

ముగ్గురు చెంబులతో పరిగెత్తారు. వదిన ఒక చెంబు మొత్తం తాగింది. ఐదు రోజుల్లో అంత నీళ్ళు ఎప్పుడూ తాగలేదు. అమ్మ ఆ సందులో చేయి పట్టుకుంది. "అమ్మ శాంతించింది, దారియ్యుండ్రి, పిల్ల సొక్కింది. సిస్టరమ్మ దగ్గర జర కూసోబెడ్త" అని గట్టిగా అరిచింది. సాయిలు స్వయంగా జనాన్ని పక్కకు తోశాడు. డిస్పెన్సరీ తలుపు దాకా డప్పు కొట్టి మరీ వదిలిపెట్టారు.

లోపల సిస్టర్ మిషన్ గదిలోకి పోనివ్వలేదు. వెనక స్టోర్ రూమ్‌లో బల్ల మీద పడుకోబెట్టింది. ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. "ఇది సగం నొప్పికే పనిచేస్తది. మిగతాది ఓర్చుకోవాలె స్వరూపా. బయట జనం ఉన్నరు, అరవద్దు." వదిన తలూపింది. అమ్మ ఆమె నోట్లో కొంగు పెట్టింది.

నన్ను బయటికి పొమ్మనలేదు. వదిన నా కుడి చేయి పట్టుకుంది, ఆమె కడియం ఉన్న చేయి.

సిస్టర్ మొదలుపెట్టగానే వదిన నా వేళ్ళు నలిపేసింది. నా గుండె నోట్లోకి వచ్చింది. కడియం సన్నగా వణికింది. ఒళ్ళు కదలకుండా గుండె పరిగెత్తినా అది అరుస్తుంది, అరవడానికి ముందు అలా వణుకుతుంది. సిస్టర్ తల ఎత్తకుండానే అంది, "కొమ్రీ, మెల్లగ ఊపిరి తియ్యి. నీ గుండె కొట్టుకుంటే అది ఈమెదనుకుంటది. ఏడ్వకు. భయపడకు. నువ్వు ఆగమైతే గోడనే."

భయపడకూడదు. కళ్ళ ముందు వదిన నడుము విల్లులా లేస్తుంటే నేను నాలుగు అంకెలు లెక్కపెట్టి పీల్చి, నాలుగు లెక్కపెట్టి వదలాలి. ఎక్కాలు చెప్పుకున్నాను. పదమూడో ఎక్కం, ఇంగ్లిష్‌లో. పదమూడు ఏడ్ల దగ్గర తప్పు చెప్పి మళ్ళీ మొదటి నుంచి. కడియం వణకడం ఆగింది. ఆ పూట వదిన చాలా ప్రశాంతంగా ఉన్నట్టు రికార్డులో ఉంటుంది.

గిన్నెలో పడింది చూశాను. బొటనవేలంత. బూడిద రంగు. ఇంతే. దీనికోసం ఇంత.

"మిషన్ కంప్లీట్ అన్నది గదా" అన్నాను.

"దానికి పన్నెండు నిమిషాలే ఇచ్చిన్రు. పన్నెండు అయినయి, కంప్లీట్ అన్నది." సిస్టర్ చేతులు కడుక్కుంది. గోలీల పట్టీలు ఇచ్చింది, తన పేరు మీద రాసుకుని. "ఏడు దినాలు. ఒక్కటి తప్పినా నేను మళ్ళ ఏం చెయ్యలేను."

పదమూడో రోజు

నిన్న నూట ఒకటి. ఈ రోజు మధ్యాహ్నం నూరు. చెమటకు చాప తడిసి, ఆరబెట్టి, మళ్ళీ తడిసింది. రక్తం రోజుకు రెండు బట్టలు, వాసన లేదు. వాసన లేదని అమ్మ రెండుసార్లు బట్ట ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్కకు వెళ్ళి ఏడ్చింది.

కానీ ఇంకొకటి. వదినకు పాలు ఉన్నాయి. మొదటి వారంలోనే వచ్చాయట, నాకు చెప్పలేదు. ఇప్పుడు రొమ్ములు రాళ్ళలా అయ్యి నొప్పి. అమ్మ పాత చీర చింపి గట్టిగా కట్టింది. కడుతుంటే వదిన మొదటిసారి గట్టిగా ఏడ్చింది, ప్రొసీజర్ రోజు కూడా అంత ఏడవలేదు. "దీనికి తెల్వదా అత్తా? ఒంటికి ఎవ్వరు చెప్పలేదా?" అంది. అమ్మ ముడి ఇంకొంచెం బిగించింది.

నిన్న సోమవారం. వదిన డ్యూటీకి పోలేదు, ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఓవర్‌మెన్ సాయిలు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి చెప్పాడు. మీదికి అమ్మ వచ్చిన మనిషికి తొమ్మిది రోజులు సెలవట, పాత ఆచారమట, ఆఫీసు కూడా ఒప్పుకుంటుందట. బిడ్డ పోతే మూడు రోజులు, దేవత వస్తే తొమ్మిది.

సిస్టర్ మీద కోపం లేదు. మిషన్ మీద ఉంది. కానీ పడుకుంటే లెక్క వేరేగా వస్తుంది. మిషన్ ఒక్కసారే అబద్ధం చెప్పింది. నేను రోజూ చెప్పాను. ఆరో రోజు సిస్టర్ తలుపు దగ్గర నిలబడి నవ్వినప్పుడు, నా చేయి వెనక్కి పెట్టుకున్నప్పుడు, నూట ఒకటిన్నరకూ నూట నాలుగుకూ మధ్య ఉన్నదంతా నాదే. వదినకు చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే, "నేను గూడ నవ్విన గదనే" అంది. క్షమించిందో లేదో అడగలేదు. అలసిపోయి ఉంది.

పదహారో రోజు

ముప్పై ఏడు. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. రెండు రోజులుగా ఇదే. నిన్న కడియం తిరిగి ఇచ్చేశాను, నూనె రాసి, వేళ్ళు కలిపి. ఈసారి ఇద్దరి వేళ్ళూ ఒకేలా ఉన్నాయి. నా మణికట్టు మీద తెల్లగా గీత పడింది.

వదిన గోడ పట్టుకుని బాత్రూంకు ఒక్కతే వెళ్ళింది. వెళ్ళొచ్చి అరగంట పడుకుంది. కళ్ళ కింద చర్మం లాగితే లోపల ఎరుపే లేదు, కాగితంలా ఉంది. నాలుగడుగులు వేస్తే గుండె దడ. సిస్టర్ ఐరన్ గోలీలు పంపింది, నల్లగా విరేచనం అవుతుంది భయపడొద్దని చెప్పమంది. రాగి జావ, ఉడకబెట్టిన గుడ్డు. మూడు నెలలు పడుతుందట. అన్న వచ్చాక "ఎందుకు చిక్కినవ్?" అని అడుగుతాడు. ఏం చెప్పాలో ముగ్గురం ఇంకా అనుకోలేదు.

బోనాల రోజు నుంచి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. వదిన చేత్తో బొట్టు పెట్టించుకోవాలట. అమ్మ గడప దగ్గరే ఆపి, పడుకుంది, రేపు రాండ్రి అని పంపేస్తోంది. ఈ పొద్దున కనకమ్మత్త వచ్చి వెళ్ళింది. కోడలు మంజుల నీళ్ళోసుకుందట, మూడో నెల. అది వదిన మీదికి వచ్చిన అమ్మ దయే అని లెవెల్ అంతా చెబుతోంది. మూడో నెల అంటే బోనాలకు ముందే కదా అని నేను అనబోతే అమ్మ గిల్లింది.

ఆమె వెళ్ళాక వదిన అంది, "మళ్ళస్తే రానియ్యుండ్రి. కోడలును ఒక్కదాన్నే లోపటికి పంపమనుండ్రి."

"ఎందుకు?" అమ్మ.

"బొట్టు పెడ్త. పెట్టి చెవుల చెప్త. బిడ్డ మంచిగ పుడితె మంచిదే. పోతె మాత్రం, మిషన్ అయిపోయిందన్నా నమ్మకు, ఒళ్ళు కాలితే, వాసనొస్తే ఆ పూటనే సిస్టర్ దగ్గరికి నడిచిపో, ఫైలు మూయకముందే పో అని."

"అది పోయి అత్తకు చెప్తది. అత్త లెవెలంత చెప్తది. గోడ మనకే కడ్తరు. సిస్టర్ కొలువు పోతది."

"చెప్తదేమో."

"మరి?"

"ఇంకొకతి నా లెక్క నవ్వుకుంట కూసోవద్దు అత్తా."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పవే దానికి."

నేను చెప్పలేదు. ఇంట్లో ఇంతవరకు రహస్యం అంటే నాకు బాగా చేతనైన పని. నిజం మాట్లాడదాం అంటేనే భయం. అమ్మ పళ్ళెం విసురుగా కింద పెట్టి లాంప్ రూమ్‌కు వెళ్ళిపోయింది. వద్దని మాత్రం అనలేదు.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే. వదిన గోడకు ఆనుకుని కూర్చుని జడ వేసుకుంటోంది, చేతులు పైకెత్తితే ఆయాసం వచ్చి ఆగి ఆగి. మంజుల నాకంటే మూడేళ్ళు పెద్ద, మా స్కూలే. రిలేలో నాకు బ్యాటన్ ఇచ్చేది. ఆమెకు చెప్పడం మొదలుపెడితే వదిన గొంతు తడబడుతుందేమో, నేను పక్కన ఉండి ఏ రోజు ఎంత జ్వరమో, ఎన్ని బట్టలో

తలుపు కొడుతున్నారు.

కనకమ్మత్త గొంతు. "స్వరూపా, ఓ స్వరూపా, పిల్లను తెచ్చిన." వెనకాల ఇంకెవరో మగ మనిషి దగ్గు. సాయిలా? ఎందుకు? వదిన అప్పటికే గోడ పట్టుకుని లేచింది. నన్ను తలుపు తియ్యమనడం లేదు, తనే వెళ్తోంది. కాగితాలు చాప కిందికి